తెల్లగా ఉండాల్సిన బుడిపెలు

మంగళవారం, శ్రీకాకుళం

ఇవాళ మా పీహెచ్‌డీ గైడు మాట మొదటిసారి కాదన్నాను. అయినా తప్పు చేశాననిపించట్లేదు.

పెసర వేళ్ల బుడిపెల్లో బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. ఆ బాక్టీరియాలో ఈ పని మొదలుపెట్టించే జన్యువుని నేనే చెడగొట్టాను. అప్పుడు బుడిపె కోస్తే లోపల తెల్లగా ఉండాలి. మూడు కుండీల్లో మాత్రం ఎర్రగా ఉంది, అంటే పని జరుగుతూనే ఉంది.

"వేరే బాక్టీరియా కలిసిపోయి ఉంటాది. ఆ మూడూ తీసేసి థీసిస్ రాసీమ్మా," అన్నారు సార్.

ఆ బుడిపెల్లోంచే బాక్టీరియాని తీసి పరీక్షించాను సార్, వేరేది కాదు, నేను చెడగొట్టిందే అన్నాను. దాన్ని పని చేయించే దారి ఇంకోటేదో ఉందన్నాను.

"అయితే నేను సంతకం పెట్టను."

"మూడు కుండీలూ థీసిస్‌లో ఉంటాయి సార్," అనేసి బయటికొచ్చాను.

రాజాంలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి సగమే అర్థమైంది. "కళ్లతో సూసినాది లేదని ఎలా రాస్తావే?" అంది.

కానీ థీసిస్ ఇవ్వడానికి నాకున్న గడువు ఆరు నెలలే. సార్ నిజంగానే సంతకం పెట్టకపోతే యూనివర్సిటీ థీసిస్ తీసుకోదు.

సాయంత్రం ల్యాబ్‌లోనే ఉండి ముప్పై కుండీల్లో అదే బాక్టీరియా పట్టించిన పెసర గింజలు కొత్తగా పెట్టి వచ్చాను. ఈసారి బుడిపెలన్నీ తెల్లగా వస్తే తప్పు నాదేనని నేనే రాస్తాను. ఎర్రగా వస్తే మాత్రం ఆ బుడిపెలు సార్ చేతే కోయిస్తాను.