నాలుగో ఇరవయ్యేళ్ళవాడు

టార్న్ క్రీక్,
జనవరి 2, 1976

వెండెల్‌కి,

డార్కా హ్రిట్సాక్ రాస్తున్నాను. ఫోన్ చేద్దును గానీ, మా ఫోను లైను మీదే ఇంకో ఆరిళ్ళున్నాయి, ఎవరు ఎత్తినా అన్నీ వినొచ్చు. నేను హలో అనేలోపే పక్కింటి మిసెస్ ఓల్సన్ ఊపిరి వినబడుతుంది. అందుకే ఈ కాగితం నీ ఐస్ రింక్ తలుపు సందులోంచి తోస్తున్నాను.

కుర్రాళ్ళ ఐస్ హాకీ జట్టులో ఇరవయ్యేళ్ళవాళ్ళు ముగ్గురికి మించి ఉండకూడదట. నీ దగ్గర నలుగురున్నారట. పదో తారీకు సాయంత్రం అయిదులోపు ఒకణ్ణి వేరే జట్టుకిచ్చి, బదులు ఇంకొకణ్ణి తెచ్చుకుంటావట. రొట్టెల కొట్లో అందరి నోటా ఇదే మాట. ఆ ఒక్కడు మా ల్యాండన్ కాకూడదు.

తొమ్మిదేళ్ళుగా నీ జట్టు కుర్రాళ్ళని ఇంట్లో పెట్టుకుని వండిపెడుతున్నాను. పదకొండు మంది వచ్చారు, పదకొండు మందీ వెళ్ళిపోయారు. అప్పుడు మా ఆయన పెట్రో ఉండేవాడు కనుక ఇద్దరం కలిసి దిగులుపడేవాళ్ళం. అక్టోబరులో ఆయనా పోయాడు. ఇప్పుడు నేను పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిస్తున్నానంటే అది ఈ పన్నెండోవాడి కోసమే. వీడూ పోతే నేను తట్టుకోలేను, ఉన్నమాట చెబుతున్నాను.

వాడి గుణాలు విను. తొమ్మిదింటికల్లా పడుకుంటాడు. బీరు ముట్టడు. అడక్కుండానే వాకిట్లో మంచు ఎత్తిపోస్తాడు. ఇలాంటివాణ్ణి ఎవరైనా వదులుకుంటారా?

ఇట్లు,
డార్కా

తా.క. మొన్న చర్చి విందుకి నీ భార్య తెచ్చిన 'ఆపిల్ పై'ని నేనొక్కదాన్నే తిన్నాను. ఎవరో ఒకరు తినాలి కదా.


జనవరి 3

శ్రీమతి హ్రిట్సాక్ గారికి నమస్కారం.

పదిహేడు ఆటల్లో పద్నాలుగు ఓడిన జట్టు మేనేజరుకి తిట్లు లేని ఉత్తరం రావడం ఇదే మొదలు. దాచుకుంటాను.

డోర్విన్ జట్టు ల్యాండన్ మీద ఎప్పట్నుంచో కన్నేసింది. "ఆట సరే, కుర్రాడి నడవడి ఎలాంటిదో" అని నసుగుతున్నారు. మీ ఉత్తరం రాగానే ఫోన్లో వాళ్ళకి చదివి వినిపించాను. మంచు ఎత్తిపోసే దగ్గరికి వచ్చేసరికి అవతలాయన మళ్ళీ చదవమన్నాడు. ఇప్పుడు వాడికి బదులు గోలు కాచే ఒక గోలీని, పైన ఇంకొకణ్ణి కూడా ఇస్తామంటున్నారు. మన గోలీ సంగతి మీకు తెలుసు. పక్ బిళ్ళ దూసుకొస్తే ఆపడు, పలకరించి లోపలికి పంపుతాడు. మీ మేలు మరిచిపోను.

మీ విధేయుడు,
వెండెల్ మకార్ట్

తా.క. ఆ 'ఆపిల్ పై' గురించి మీరన్నది నా భార్యకి చెప్పలేదు. నేను రోజూ ఆ ఇంట్లోనే తినాలి.


జనవరి 5

వెండెల్,

నీకు బుర్రనేది ఉందా? ఉంచుకోమని రాస్తే అమ్మకానికి పెడతావా?

సరే, ఇప్పుడు అసలు సంగతి విను. మొన్న రాసిందంతా అబద్ధం. వాడు స్నానాల గదిలో సిగరెట్లు కాలుస్తాడు. ఎత్తిన మంచంతా ఓల్సన్ వాళ్ళ గుమ్మంలో పోస్తాడు. నిద్ర లేపాలంటే చీపురు తిరగెయ్యాలి. పైగా వాడి ఎడమ మోకాలు, మెట్లెక్కుతుంటే తుప్పుపట్టిన గేటులా కిర్రుమంటుంది. ఈ సరుకు నాకు తప్ప ఎవరికీ పనికిరాదు. ఇది కూడా వాళ్ళకి చదివి వినిపించు.

డార్కా

తా.క. మా పిల్లి కూడా వాణ్ణి నమ్మదు.


జనవరి 6

హ్రిట్సాక్ గారికి,

మోకాలా! అమ్మా, మీకు దణ్ణం పెడతాను, ఈ మాట మూడో మనిషి చెవిన పడనివ్వకండి. డాక్టరుకి చూపిస్తే కాగితం మీదికెక్కుతుంది కనుక నేను చూపించను. నేనసలు ఆ మోకాలి వంకే చూడను. మీరు చెప్పడం ఎంత మంచిదైంది! అది విరిగేలోపే వాణ్ణి పంపించేస్తాను. డోర్విన్ వాళ్ళతో మాట ఖాయం చేసుకున్నాను. సంతకాలు శనివారం.

వెండెల్

తా.క. పిల్లి అభిప్రాయం వాళ్ళు అడగలేదు.


జనవరి 8

వెండెల్,

ఆ మోకాలికి ఏ రోగమూ లేదు. నేనే కల్పించాను. పొగిడితే ధర పెంచావు, తిడితే తొందరపడ్డావు. నీతో మాట్లాడే కంటే మంచుగడ్డతో మాట్లాడటం నయం.

మొన్న ఆరో తారీకున, మా పాత పంచాంగం లెక్కన, మా క్రిస్మస్ భోజనం. ఆనవాయితీ ప్రకారం పన్నెండు వంటకాలు చేసి, పెట్రో కుర్చీ ఖాళీగా ఉంచాను. ల్యాండన్ గోధుమల తీపి ముందు ఆయన పళ్ళెంలో వడ్డించి, తర్వాతే తను తిన్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడే అనుకున్నాను, ఏం చేసైనా వీణ్ణి ఉంచుకోవాలని.

ఒక కుర్రాడు జట్టు మారితే, వాడు ఏం తింటాడో, ఏది పడదో ఈ ఇంటావిడ ఆ ఇంటావిడకి రాయడం మాలో మామూలే. కాబట్టి డోర్విన్‌లో కుర్రాళ్ళకి వండిపెట్టే ఎడ్నా ఫ్రోస్‌కి రాశాను. ఉల్లిపాయ పడదని రాశాను, కింద మోకాలి సంగతీ రాశాను. ఆ జట్టు మేనేజరు ఆవిడ తమ్ముడే. ఇక నువ్వేం చేసుకుంటావో చేసుకో.

డార్కా

తా.క. అబద్ధం రాయడం పాపమే. ఫాదర్ దగ్గర ఒప్పుకుంటాను. పదకొండో తారీకున.


జనవరి 11

హ్రిట్సాక్ గారికి,

మీరే గెలిచారు. నిన్న నాలుగూ నలభైకి డోర్విన్ నుంచి ఫోన్ వచ్చింది. "మోకాలు పోయినవాణ్ణి మాకు అంటగడతావా" అని ఆయన తిట్టిన తిట్లు మీకు రాయలేను. కల్పించారని మీరు రాసిన ఉత్తరం చూపిస్తానన్నా వినలేదు. మీలాంటి ఇంటావిడలు ఒకరికొకరు రాసుకునే మాటని ఈ ఊళ్ళల్లో ఎవరూ అనుమానించరు. ఆ ఇరవై నిమిషాల్లో ఇంకో అయిదు జట్లకి ఫోన్ చేశాను. నా కంటే ముందే మోకాలి కబురు వెళ్ళింది.

మీ ఎనిమిదో తారీకు ఉత్తరాన్ని లెక్కచెయ్యక, బేరం కుదిరిందన్న ధీమాతో మిగతా ముగ్గురి పేర్లూ నేను పొద్దున్నే లీగు ఆఫీసుకి పంపేశాను, ఇక మార్చడానికి లేదు. అది నా తప్పు. అయిదు కొట్టింది. ల్యాండన్ ఇప్పుడు ఏ జట్టులోనూ లేడు. గడువు దాటాక ఈ ఏడు ఎవరూ తీసుకోకూడదు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. వాడి ఆట అయిపోయింది.

మీ దగ్గర ఒక మాట దాచాను. డోర్విన్‌కి పంపమని నవంబరులో నన్ను అడిగింది వాడే. "అక్కడైతే పెద్ద జట్లవాళ్ళు చూడ్డానికొస్తారు సార్. ఇక్కడ నన్నెవరు చూస్తారు? ఆవిడకి మాత్రం నేనడిగానని చెప్పకండి. ముసలాయన పోయినప్పట్నుంచి సరిగ్గా తినడం లేదు. మీరే పంపేశారనుకోనివ్వండి" అన్నాడు. మాటిచ్చాను కనుక మీ తిట్లన్నీ నేనే తిన్నాను.

వెండెల్

తా.క. ఇందాక వచ్చి జెర్సీ, హెల్మెట్ ఇచ్చేశాడు. మోకాలి మాట ఎక్కడ పుట్టిందో వాడికి తెలియదు. నేను చెప్పలేదు. పోతూ పోతూ ఒక్కటే అడిగాడు. "నేనిప్పుడు జట్టులో లేను కదా సార్, ఇంకా ఆవిడ ఇంట్లో ఉండనిస్తుందంటారా?"