‘మానిన యెడల’ అన్న మాట లేకుండా

విజయవాడ మాచవరంలో కాపురముండే నేను, దాసరి ప్రభుదాసు, తండ్రి కీర్తిశేషులు దేవసహాయం, వయసు డెబ్బై ఒకటి, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి, ఈ వీలునామా నా చేత్తో నేనే రాస్తున్నాను. మతి సరిగ్గానే ఉంది. షుగరు కూడా అదుపులోనే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగిన మనిషి, నా భార్య అమలమ్మ, మొన్న మార్చిలో ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. ఇంతకుముందు నేను రాసినవి ఏవైనా బయటపడితే అవి చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత అడ్వొకేటు సిద్ధార్థగారిది.

1. నన్ను అమలమ్మ పక్కన పెట్టండి. సమాధి దగ్గర ప్రసంగం పొడుగ్గా వద్దు. ఆమెను పెట్టిన రోజున ముసలివాళ్లంతా ఎండలో నిలబడిపోయారు. పాస్టరుగారు ఆపలేదు.

2. చల్లపల్లి దగ్గర నా స్వార్జితమైన ఎకరం పొలం, బ్యాంకులో ఉన్న డబ్బు, అమలమ్మ నగలు మా ఒక్కగానొక్క కూతురు దీవెనకు చెందుతాయి. పొలం కాలవ చివర ఉంది. నీళ్లు ఆలస్యంగా వస్తాయి, కంగారుపడి అమ్మవద్దు. బీరువా పైఅరలో ఉన్న అమలమ్మ గంధం రంగు చీర నేను మడతపెట్టాను. సరిగ్గా రాలేదు. అలాగే తీసుకో అమ్మా.

3. నా వ్యాఖ్యాన గ్రంథాలు సంఘానికి. కృప మీద ఉన్న లావు పుస్తకంలో చేపల పులుసు మరక నాది కాదు. దాన్ని రెండు వేసవులు ఉంచుకున్నది సంఘ పెద్ద సొలొమోనుగారు. మరక మొదటి అధ్యాయంలోనే ఉంది.

4. మాచవరంలో నా జీతంతో కట్టిన ఇల్లు, ముందు హాలుతో సహా, అమలమ్మ తమ్ముడు జాన్‌బాబుకు రాస్తున్నాను.

దీనికి కారణం చెప్పాలి. జాన్‌బాబు వైరింగు పని చేస్తాడు. తాగుతాడు. వన్ టౌన్‌లో ఎవరిదో గోడౌను అరుగు మీద పడుకుంటాడు. అమలమ్మను సమాధికి తీసుకెళ్లే రోజున కూడా తాగే వచ్చాడు. పెట్టె పట్టబోతే సంఘంవాళ్లు గేటు బయటకు పంపేశారు. ఆసుపత్రిలో ఆమె నన్ను అడిగింది ఒకటే. "వాడికంటూ ఒక గుమ్మం ఉండాలండీ" అంది. సరేనన్నాను.

సిద్ధార్థగారు తయారుచేసిన చిత్తుప్రతిలో, "సదరు జాన్‌బాబు తాగుడు పూర్తిగా మానిన యెడల ఈ ఇల్లు అతనికి చెందును" అని ఉంది. "ఒక్క మాటే గదా సార్, ఉంటే సేఫ్" అన్నారు. నేను పెన్ను కూడా తీశాను. ఆ మాట దగ్గర చెయ్యి ఆగింది.

మా హాల్లో ప్రతి బుధవారం సాయంత్రం బైబిల్ స్టడీ జరుగుతుంది. నడిపేది నేను. పాపం గురించి మొదలుపెడితే అందరికీ మాటలొస్తాయి. విశ్వాసం దగ్గర కొందరు గడియారం చూస్తారు. కృప దాకా వెళ్లేసరికి టీ వచ్చేస్తుంది. జాన్‌బాబు ఎప్పుడైనా వస్తే చెప్పులు విడిచేచోట కూర్చునేవాడు. ఒకసారి ప్రార్థన చెయ్యమంటే, "నేను నోరు తెరిస్తే వాసనొస్తుందండీ బావగారూ, మీరే కానివ్వండి" అన్నాడు. ఆ సాయంత్రమే, దేవునికి మన యెడల ఉన్న కృప అన్న మాట వచ్చింది. అమలమ్మ టీ గ్లాసుల పళ్లెంతో నిలబడి, "ఈ యెడల అంటే మన మీద అనా, మనం బాగుపడితే అనా అండీ?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేను వ్యాకరణం చెప్పాను. మనిషి పేరు తర్వాత వస్తే ‘మీద’ అని, చేసే పని తర్వాత వస్తే ‘అయితే’ అని. "మరి మావాడికి మీరు ఏది వేస్తారు?" అంది. సొలొమోనుగారు వెంటనే పాట ఎత్తుకున్నారు.

అందుచేత ఆ చిత్తుప్రతి పక్కన పెట్టి, ఆ మాట లేకుండా ఇది రాస్తున్నాను. మానినా, మానకపోయినా ఇల్లు జాన్‌బాబుది.

దీవెనకు కోపం వచ్చింది. "ఆర్నెల్లలో ఇల్లంతా సీసాలో పోసుకు తాగేస్తాడు నాన్నా" అంది. తాగేయవచ్చు. సొలొమోనుగారు, "కృప మరీ అంత అలుసా అండీ ప్రభుదాసుగారూ?" అన్నారు. అలుసేమీ కాదు. ఇచ్చేవాడికి బరువుగానే ఉంది. జాన్‌బాబు మీద నాకు ప్రేమ ఉందని రాస్తే అబద్ధమవుతుంది. అమలమ్మకు ఉండేది. ఇన్నేళ్లూ ఆ హాల్లో చెప్పినదాన్ని నేను ఎంతవరకు నమ్మానో నాకు తెలియదు. ఈ కాగితం వరకు నమ్మినవాడు చేసే పని చేస్తున్నాను. అంతకు మించి ఓపిక లేదు.

5. జాన్‌బాబును ఆ ఇంట్లోంచి ఖాళీ చేయించే హక్కు దీవెనకు గాని, సంఘానికి గాని లేదు. అమ్ముకుంటే అడ్డుపడవద్దు. కిటికీ పక్క మంచం అమలమ్మది. పరుపు ఒక పూట ఎండలో వేయించి అతనికి ఇవ్వండి. మోటారు స్విచ్చి షాకు కొడుతోంది. బాగుచేయడం అతనికి వచ్చు.

6. నా తర్వాత కూడా బుధవారం స్టడీ ఆ హాల్లోనే జరగాలనుకుంటే, సంఘంవాళ్లు వెళ్లి జాన్‌బాబును అడగాలి. పడుకుని ఉంటే లేచేదాకా బయట ఆగాలి. వద్దంటే, మారుమాట అనకుండా వెనక్కి రావాలి.

విజయవాడ, 2025 నవంబరు 12.

(సంతకం)
దాసరి ప్రభుదాసు

సాక్షులు:

1. నూతక్కి సొలొమోను, సంఘ పెద్ద. నాలుగో అంశం నాకు సమ్మతం కాదు. వారు నా ఎదుటే సంతకం చేశారన్నది మాత్రం నిజం.

2. వేమూరి హేమసుందర్, పక్కింటి వాస్తవ్యుడు.