వాన పడేవరకు తమరి గదిని మా మనవరాలికి ఇప్పించుట గురించి

అయ్యా,

ఆడపిల్ల! తల్లీ బిడ్డా క్షేమం. మీ కంప్యూటర్ల గదిలోనే, పెద్ద పెట్టెకీ గోడకీ మధ్యన, మొన్న మిట్టమధ్యాహ్నం పుట్టింది. ముక్కు అచ్చం నాదే. మా ఆవిడ కాదంటుంది, నమ్మకండి.

అర్జీ ఇలా మొదలుపెట్టకూడదని మీ గుమాస్తా గారు తల పట్టుకున్నారు. "ముందు విషయం రాయాలి పెద్దాయనా" అన్నారు. "ఇంతకన్నా విషయం ఏముంటుందయ్యా?" అన్నాను. అయినా ఆయన మాట తీసెయ్యలేక, పద్ధతి ప్రకారం మళ్ళీ మొదలుపెడుతున్నాను.

అయ్యా,

విషయం: వాతావరణ కార్యాలయపు కంప్యూటర్ల గదిలో అనుమతి లేకుండా జన్మించిన శిశువును, ఆమె తల్లిని రేపు మధ్యాహ్నం పన్నెండు గంటలకల్లా ఖాళీ చేయించవలెనని తమరు జారీ చేసిన మెమో రద్దు గురించి, మరియు వాన పడేవరకు తమరి సొంత గదిని సదరు శిశువుకు కేటాయించుట గురించి, మరియు ఆమె తండ్రికి కబురు అందించుట గురించి.

సూచిక: తమరు ఈ ఉదయం తలుపుకు అంటించిన మెమో; తమరే గేటుకు అంటించిన ఈ వారపు వాతావరణ సూచన.

తమరికి సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా:

1. నేను తమరి ప్రహరీ గోడకు ఆనుకుని గొడుగులు బాగుచేసుకునే ముసలివాణ్ణి. తమరు కారులో వస్తూ పోతూ నన్ను చూసే ఉంటారు. నన్ను చూడకపోయినా నా గొడుగుల్ని చూసి ఉంటారు. ఎన్నో ఏళ్ళుగా తమరి శాఖ మీదే ఆధారపడి బతుకుతున్నాను. వాన వస్తుందని మీరు చెప్పిన రోజు జనం నిశ్చింతగా చేతులూపుకుంటూ తిరుగుతారు, నాకు బోణీ ఉండదు. వాన రాదని మీరు చెప్పగానే విరిగిన గొడుగులన్నీ పట్టుకుని నా కొట్టుకి పరుగెత్తుకొస్తారు. ఆ విధంగా మా అమ్మాయిని పెంచి పెద్దచేసింది తమరి శాఖే. పురుడు కూడా అక్కడే అయిందంటే ఇందులో అంత ఆశ్చర్యపడవలసినది లేదు.

2. జరిగినది. తమరు ఎండల మీద సమావేశం నిమిత్తం ఒక చల్లటి కొండ ఊరికి వెళ్ళి ఉన్న సమయమున, మా అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. మేముండేది వీధి చివర రేకుల గది. ఈ ఎండల్లో అందులో నిలబడితే నెత్తిన పెనం బోర్లించుకున్నట్టే. ఆటో పిలిచాం. ఆటోలో మా అమ్మాయి, మా ఆవిడ, పక్కింటావిడ. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, వీధి మొత్తానికి ఇంజెక్షన్ల అక్కయ్య. నేను డ్రైవరు పక్కన సగం సీటులో వేలాడుతున్నాను. సరిగ్గా మీ గేటు ముందుకి వచ్చేసరికి టైరు ఢామ్మని పేలింది. ఇంకో ఆటో లేదు. వీధిలో కుక్క కూడా లేదు, అదీ ఎక్కడో నీడలో పడి ఉంది.

అక్కయ్య మా అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "ఇది ఆసుపత్రిదాకా ఆగే బాపతు కాదు తమ్ముడూ. దగ్గర్లో చల్లటి గది ఎక్కడుంది?" అన్నది.

నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మీ కంప్యూటర్ల గది ఏసీ నుంచి కారే నీటిచుక్కల కింద కూర్చునే కదా నేను రోజూ అన్నం తినేది.

అటెండరు అడ్డం వచ్చాడు. "ఆగండాగండి! బోర్డు కనబడట్లేదా? సిబ్బందికి మాత్రమే ప్రవేశం!"

"సిబ్బందే బాబూ" అన్నది మా ఆవిడ, అతన్ని మోచేత్తో పక్కకి నెట్టి. "ఇంకాసేపట్లో ఒకళ్ళు కొత్తగా చేరుతున్నారు. నువ్వెళ్ళి వేణ్ణీళ్ళు తే."

అతను వెళ్ళి తెచ్చాడు. అతని మీద ఎట్టి చర్యా తీసుకొనరాదని ప్రార్థన. మా ఆవిడ చెప్పాక నేనే తెస్తాను, అతనెంత.

3. మీ కంప్యూటర్ల గది గోడలు అద్దాలవి. కాన్పుకి అది కుదరదు. నేను కొట్టుకి పోయి, బాగుచేయమని ఇచ్చి మళ్ళీ కనబడని వాళ్ళ గొడుగులన్నీ చంకన పెట్టుకొచ్చాను. మీ సిబ్బంది తలా ఒక గొడుగు విప్పి, అద్దాల చుట్టూ, గది వైపు వీపు పెట్టి నిలబడ్డారు. ఎండా వానా లేని ఆఫీసు నడిబొడ్డున పెద్ద పెద్ద ఉద్యోగస్తులు గొడుగులు పట్టుకుని నిలబడి ఉంటే చూడవలసిన దృశ్యమండీ, తమరు లేకపోయారు! గుమాస్తా గారికి పువ్వుల గొడుగు వచ్చింది. లోపల మా అమ్మాయి అరిచినప్పుడల్లా ఆయన గొడుగు వణికింది. ఆయన ఈ వాక్యం కొట్టేయమంటున్నారు. కొట్టెయ్యను.

అంతలో కేరుమన్నది! అదే సమయానికి మీ ప్రింటరు కూడా కీచుమని ఆ రోజు ఎండ నలభై ఆరు డిగ్రీలని కాగితం కక్కింది. ఆ కాగితం నేను తీసుకున్నాను. కార్యాలయపు ఆస్తి అని తెలుసు. ఇవ్వను.

4. సాయంత్రం ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చి చూసింది. తల్లీ బిడ్డా దివ్యంగా ఉన్నారన్నది. ఆసుపత్రి వరండాలో వడదెబ్బ తగిలినవాళ్ళకి పడుకునేందుకు చోటు లేక గోడలకి ఆనించి కూర్చోబెడుతున్నారట. "ఇంత మంచి చోటు నేనివ్వలేను, వాన పడేదాకా ఇక్కడే ఉంచండి. కాకపోతే ఇరవై రెండు డిగ్రీలు పసిదానికి మరీ చలి, ఇరవై ఆరు పెట్టండి. రేకుల గదికి మాత్రం తీసుకెళ్ళకండి. దానికి మనలాగా చెమట పట్టదు, వేడైతే నోరు తెరిచి చెప్పుకోలేదు" అన్నది.

అయ్యా, ఇది ఒక్కటీ నవ్వులాటకి రాయడం లేదు. నా కొట్టు పక్కన ఇస్త్రీ బండి ఉండేది. తమరి చొక్కాలు కూడా వాడే చేసేవాడు. మొన్న గురువారం మధ్యాహ్నం, "కళ్ళు తిరుగుతున్నాయిరా, ఒక్క నిమిషం" అని బండికి చేరగిలబడ్డాడు. ఆ నిమిషం ఇంకా అవలేదు. వాడికి నోరుంది, వయసొచ్చిన కొడుకున్నాడు, పక్కన నేనున్నాను. అయినా మాకు తెలియలేదు. ఈ పిల్లకి నోరు కూడా లేదు. ఏడుపు ఒకటే ఉంది.

5. ఇక తమరి రెండు కాగితాల సంగతి. గేటు మీది కాగితంలో తమరు ఇలా రాశారు: మంగళ, బుధ, గురువారాలు తీవ్రమైన వడగాడ్పులు, శుక్రవారం రాత్రికి మబ్బులు, శనివారం ఈదురుగాలులతో వాన. కింద ఎర్ర అక్షరాలతో: "పసిపిల్లలు, బాలింతలు, వృద్ధులు ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి రారాదు. చల్లని ప్రదేశంలో ఉండవలెను." సంతకం, తమరిది.

తలుపు మీది కాగితంలో: పసిపిల్లా, బాలింతా, వారి తాలూకు వృద్ధులూ రేపు మధ్యాహ్నం పన్నెండుకు బయటికి పోవలెను. సంతకం, అదీ తమరిదే.

నేను చదువుకున్నది తక్కువ. అందుకని మా ఆవిడని అడిగాను, ఏ సంతకానికి లోబడాలి అని. "ఎర్ర సిరాది పెద్దది, దానికే లోబడు" అన్నది. కనుక మేము తమరి ఆజ్ఞను శిరసావహించే ఇక్కడ ఉన్నాము. మేము గడప దాటితే తమరి మాట కాదన్నట్టవుతుంది. అంత పని మా వల్ల కాదు.

6. తమరి వైపు న్యాయం లేదని నేననను. ఈ ఉదయం నాతో అన్నారు కదా, "ఇరవై ఆరు పెడితే మెషిన్లు వేడెక్కి ఆగిపోతాయయ్యా! అప్పుడు సముద్రంలో ఉన్న పడవలకి హెచ్చరిక ఎవరు పంపుతారు, నువ్వా?" అని. మా ఆవిడ వెనక నుంచి, "ఆ డబ్బాలకి పురిటి నొప్పులా ఏమన్నానా?" అన్నది. దానికి క్షమించాలి. కానీ నేను ఆవిడని వెనక్కి లాగాను. ఎందుకంటే సముద్రంలో ఉన్న ఆ పడవల్లో ఒకదాంట్లో మా అల్లుడున్నాడు.

ఇందాక ఒక పెట్టె ఎర్రదీపం వేసుకుని కుయ్యోమన్నప్పుడు నాకూ ఆ పడవే గుర్తొచ్చింది. మీరు అటు వెళ్ళగానే నేనే వెళ్ళి ఇరవై రెండు పెట్టేశాను. మా అమ్మాయి తన చీర కొంగు తీసి పిల్లకి ఇంకో చుట్టు చుట్టింది. డబ్బాలకి చలి కావాలి, పిల్లకి వెచ్చన కావాలి. రెంటికీ ఒక గదిలో పొసగదు. ఒప్పుకుంటున్నాను.

6 (మళ్ళీ ఆరే, ఇంకా అవలేదు). అందువలన తమరి సొంత గది ఇప్పించవలెను. దానికి వేరే ఏసీ ఉంది. ఇరవై ఆరు పెట్టినా అక్కడ ఆగిపోయేవి ఏమీ లేవు. వెడల్పాటి సోఫా ఉంది. ఆ గదిలో మధ్యాహ్నం పూట తమరు కళ్ళు మూసుకుని ఫైళ్ళ గురించి దీర్ఘంగా ఆలోచిస్తారని తెలుసు. ఆ ఆలోచన గోడ దాటి నా కొట్టుదాకా వినిపిస్తూ ఉంటుంది.

బదులుగా వాన పడేదాకా నా కొట్టు తమరికి ఇస్తాను. ఒక స్టూలు, ఒక కుండ, నెత్తిన పెద్ద గొడుగు. అక్కడ కూర్చుంటే ఎండ ఎంతుందో ఏ మెషిన్నూ అడగనక్కర్లేదు. ఏసీ చుక్కలు కుడివైపు పడతాయి, స్టూలు కొంచెం అటు జరుపుకోండి.

7. ఎప్పుడు ఖాళీ చేస్తారు అని తమరు అడగవచ్చును. శనివారం వాన అని తమరే రాశారు. శనివారం వాన పడిన మరుక్షణం ఖాళీ చేస్తాము, సోఫా తుడిచి మరీ ఇస్తాము. పడకపోతే మాత్రం ఆ దోషం శాఖది. తమరి మాట ఎప్పటికి నిజమైతే అప్పటిదాకా ఉంటాము. తమరి మాట మీద నాకు నమ్మకముంది. బతుకంతా దాని మీదే వెళ్ళదీశానని పైన రాశాను.

8. ఇది గుమాస్తా గారు వేరే అర్జీ పెట్టుకోమన్నారు. కాగితం ఇదే ఉంది, ఇందులోనే రాస్తున్నాను. మా అల్లుడు చేపల వేటకి వెళ్ళి చాలా రోజులైంది. "పుట్టేలోపు ఒడ్డుకొచ్చేస్తా" అని మా అమ్మాయికి మాటిచ్చి వెళ్ళాడు. పిల్ల ఆగలేదు. ఫోను అందదు. పడవలో ఒక రేడియో ఉంది. అందులో వాళ్ళు వినేది ఒక్కటే, సాయంత్రం పూట తమరు చదివే "మత్స్యకారులకు సూచన".

మా అమ్మాయి పిల్లకి పాలిస్తూ, "నాన్నా, ఈయనకెలా తెలుస్తుంది?" అంటుంది. కాసేపాగి మళ్ళీ అదే అంటుంది. నాకు గొడుగులు కుట్టడమే వచ్చు. గాలిలో మాట పంపడం తమరికి వచ్చు.

సొంత కబుర్లు చదవరాదని రూల్సు ఉంటాయని తెలుసు. వాతావరణంగానే చదవండి. "రేకుల గది పరిసరాల్లో సంతోషం సాధారణం కన్నా ఎన్నో డిగ్రీలు ఎక్కువగా నమోదైంది, రాగల రోజుల్లో ఇంకా పెరిగే సూచనలున్నాయి" అని. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

కావున పై విషయములన్నీ దయతో చిత్తగించవలెను. చిత్తగించే లోపల ఏసీ మాత్రం ఆపించకండి.

ఇట్లు,
తమ విధేయుడు
(రేపు పన్నెండు గంటల సంగతిలో తప్ప),
గొడుగులు బాగుచేసేవాడు,
తమరి గోడకి అవతలి పక్క.

తా.క. అర్జీ మడతపెడుతుంటే తమరే వచ్చారు. తమరు చేసింది తమరికే రాయడమేమిటని అడిగితే, ఫైల్లో ఉండాలని గుమాస్తా గారంటున్నారు. కనుక రాస్తున్నాను. తమరు గుమ్మంలో నిలబడి పిల్లని చూశారు. చాలాసేపు చూశారు. "ముక్కు మీదేనండీ పెద్దాయనా" అన్నారు. మా ఆవిడ విన్నది, సాక్ష్యం ఉంది. తర్వాత నా చేతిలో అర్జీ లాక్కుని నిలబడే చదివారు. "మీ స్టూలుకి కాళ్ళెన్ని?" అని అడిగారు. మూడు అన్నాను. "అయితే నేను గుమాస్తా బల్ల దగ్గర కూర్చుంటాను" అని మీ ఫైళ్ళు చంకన పెట్టుకుని, తలుపు మీది మెమో చింపుకుని వెళ్ళిపోయారు. మీ సోఫా మీద ఇప్పుడు మా అమ్మాయి పడుకుని ఉంది. ఏసీ ఇరవై ఆరు.

వెళ్తూ వెళ్తూ, "సముద్రం సూచన తర్వాత ఒక్క వాక్యం చదువుతాను. ఒక్కటే! ఎవరికి చెప్పాలో రాసివ్వండి" అన్నారు. రాశాను:

మా పెద్దక్కకి. చెవుడు, కొంచెం గట్టిగా చదవాలి.

మా తమ్ముడికి. ఆడపిల్ల పుడితే మీసం తీసేస్తానని పందెం కాశాడు. తీసేయమనండి.

మా మరదలికి. మీరు చదవకముందే ఆవిడకి తెలిసిపోయి ఉంటుంది, అయినా చదవకపోతే మా గడప తొక్కదు.

మా వియ్యపురాలికి. ముక్కు సంగతి ఆవిడకి చెప్పకండి.

రొట్టెల బట్టీలో పనిచేసే మా మేనమామ కొడుక్కి. కాసేపు బయటికొచ్చి, నీడన కూర్చుని, నీళ్ళు తాగి అప్పుడు సంతోషించమనండి.

ఇస్త్రీ బండివాడి కొడుక్కి. చుట్టం కాదు. ఈ వీధి నుంచి వాడు విన్నదంతా చెడ్డ కబురే, ఒక్క మంచిదైనా విననివ్వండి.

పడవలో ఉన్న మా అల్లుడికి. ఒక్క వాక్యమే కుదిరేటట్టయితే పైవాళ్ళందరినీ కొట్టేసి ఇదొక్కటి చదవండి: ఆడపిల్ల, ఇద్దరూ చల్లటి గదిలో నిద్రపోతున్నారు, శనివారం గాలివాన ఉంది కాబట్టి ఆలోపే ఒడ్డుకి రా నాయనా, గొడుగు పట్టుకుని నేనుంటాను.