భానుమతి గారి సంతకం

ఉంటర్‌ఫ్యోరింగ్, జర్మనీ,
మార్చి 4

నా పూజితకి,

అసహ్యంగా ఉందే. అందరికంటే ముందు నా మీద.

డెనిస్ గుర్తున్నాడు కదా, హాస్టల్ గోడకి మనం ఫొటో అంటించుకున్న కెనడా డైరెక్టరు? ముప్పై ఏళ్లుగా ఆయన సినిమాల్లో తల్లుల ఏడుపు ఎంత నిజంగా ఉంటుందో అని తెగ మెచ్చుకుంటున్నాం. ఇప్పుడు సినిమాలు రాక, ఇక్కడ టీవీకి క్రైమ్ సీరియల్ తీస్తున్నాడు. ఆయన కోసమే వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి అసిస్టెంటుగా చేరాను.

నిన్న, హత్యకు గురైన విద్యార్థి తల్లి సీను. ఆ వేషానికి భానుమతి గారిని తెచ్చింది నేనే. ఇక్కడో రెస్టారెంటులో వంట చేస్తారు. కొడుకు శ్రీచరణ్ జార్‌బ్రూకెన్‌లో చదువుతున్నాడు. ఎన్ని టేకులు తీసినా ఆవిడకి ఏడుపు రాలేదు, సిగ్గుపడి నవ్వేశారు. డెనిస్ నన్ను పక్కకి పిలిచి, శ్రీచరణ్‌కి యాక్సిడెంట్ అయిందని ఫోనొచ్చినట్టు ఆవిడకి తెలుగులో చెప్పమన్నాడు. కెమెరా ఆపలేదు. చెప్పాను పూజితా. ఈ నోటితోనే చెప్పాను. ఆవిడ కూలబడి గుండెలు బాదుకుంటుంటే వాడు చప్పట్లు కొట్టాడు. అబద్ధమని చెప్పినా, కొడుకు వీడియోలో కనబడేదాకా ఆవిడ నమ్మలేదు.

మనం మెచ్చుకున్న ఏడుపులన్నీ ఇలా పిండినవేనా?

ఆవిడ అనుమతి కాగితం మీద సంతకం పెడితేనే ఆ షాట్ వాడతారు. ఆ సంతకం తెస్తే తర్వాతి ఎపిసోడ్ నన్నే డైరెక్ట్ చేయనిస్తానన్నాడు డెనిస్. ఎన్నాళ్ల కలో నీకు తెలుసు. రేపు వెళ్తున్నాను. ఏం చేస్తానో నాకే తెలీదు.

నీ ప్రవీణ

మార్చి 7

పూజితా,

కాగితంలో ఉన్నదంతా భానుమతి గారికి తెలుగులో చెప్పి, సంతకం పెట్టొద్దన్నాను. క్షమించమని అడిగాను. ఆవిడ రెస్టారెంటు వంటింట్లో పిండి కలుపుతూనే ఉన్నారు.

"గా దొర చెప్తే నమ్మకపోదును బిడ్డా. నువ్వు మన మాటల చెప్పినవ్, గందుకే నమ్మిన," అన్నారు. కాగితం అలాగే తిరిగిచ్చేశారు. క్షమించానని మాత్రం అనలేదు.

దాన్నీ, నా రాజీనామానీ డెనిస్ బల్ల మీద పెట్టాను. వాడు కన్నెత్తి చూడలేదు. వచ్చే వారం సీనులో టర్కీ తల్లి ఉందట. టర్కిష్ వచ్చినవాళ్లు ఎవరున్నారని అడుగుతున్నాడు.

ఆ వేషం వేయబోయే టర్కీ ఆవిడ నంబరు నా దగ్గరుంది. మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసి, నాకొచ్చిన జర్మన్‌లో జరిగిందంతా చెప్పాను. ఇవన్నీ మీకెలా తెలుసని అడిగింది.

మొన్న ఆ అబద్ధం చెప్పింది నేనేనన్నాను.

ప్రవీణ