ఐదొందల సీసీ మొక్కు

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పాత బుల్లెట్ ఇంజన్ని మూడొందల యాభై సీసీ నుంచి ఐదొందలకు పెంచుతూ సగంలో వదిలేశావు కదా, నీ పెద్దకర్మ మర్నాడే నీ షెడ్డు భాగస్వామి రమణ ఆ బండిని నందిగామ తీసుకుపోయాడు. ఆ పనంతా తనదేనని అందరికీ చెప్పుకున్నాడు.

పోయిన నెల జగ్గయ్యపేటలో మనింటికి వచ్చాడు.

"అక్కా, కొత్త పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు ఎంత ఉంచాలో వాడేమన్నా రాసిపెట్టాడా?"

ఆ కొలతలన్నీ రాసుకున్న నీ నోటుబుక్కు దేవుడి గూట్లో, నరసింహస్వామి పటం వెనకే ఉంది.

"నాకేం తెలుసు రమణా, పనంతా నేనే చేశానంటున్నావుగా" అన్నాను మెల్లగా.

ఆ వారమే వేదాద్రి వెళ్ళి ఆ స్వామికే మొక్కుకున్నాను. మనిషికి గోరంత దెబ్బ తగలకూడదు, బండి మాత్రం నలుగురిలో ఆగిపోవాలి.

మొన్న నందిగామ సెంటర్లో రమణ బండిని అందరికీ చూపిస్తూ తిప్పుతుంటే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్లో పట్టేసిందట. జనం నవ్వుతుంటే నెట్టుకుంటూ పోయాడట.

ఇవాళ మళ్ళీ వచ్చాడు. "ఇంకోసారి వెతుకక్కా" అని బతిమాలాడు.

"ఇప్పుడే వేదాద్రిలో మొక్కు తీర్చుకొచ్చా, ముందు ప్రసాదం తీసుకో" అని కొబ్బరిముక్క చేతిలో పెట్టాను.

ఏం మొక్కో అడగలేదు. కళ్ళకద్దుకుని తిన్నాడు.