కూత మానేసిన ఇరవై ఒక్క రోజులు

జనవరి 4. మొదటి రోజు

ఉదయం 6.30. బయట పొగమంచు. లోపల నేను, కొత్త మనిషిని.

ఈ పుస్తకం మా ఇంటావిడ కొనిచ్చింది. "నోటికి పని తగ్గితే చేతికైనా పని ఉండాలి కదా" అంది. ఏడో తరగతిలోనే బడి నన్ను మానేసింది. కాబట్టి ఇందులో తప్పులుంటే పూచీ బడిదే.

సంగతి ఇది. స్టేషన్ మెట్ల కింద నాది గొడుగులు బాగుచేసే కొట్టు. ప్లాట్‌ఫారం చివరి బల్ల మీద మా రైలు పిచ్చివాళ్ల సంఘం కూర్చుంటుంది. ఏ రైలు ఏ ఇంజనుతో ఎన్ని పెట్టెలతో వచ్చిందో రిజిస్టరులో రాసుకుంటాం. ఎందుకని అడిగితే మాకూ తెలియదు. రాసేది లెక్కల మాస్టారు. ఫొటోలు తీసేది మందుల షాపు అక్కయ్య. సిగ్నల్ బాబాయి రిటైరైన సిగ్నల్‌మాన్, కళ్లు మూసుకుని కూత విని ఇంజను నంబరు చెబుతాడు. నాకు వచ్చింది ఒక్కటే, రెండు చేతులూ దోసిలి పట్టి పాత బొగ్గు ఇంజనులా కూయడం. కొంప మునిగింది దాంతోనే.

పోయిన చలికాలం, ఇలాంటి పొగమంచులోనే, బాబాయి కిటికీ కింద నిలబడి కూశాను. ఆయన ఇల్లు పట్టాల పక్కనే, మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల. స్నానం మధ్యలోంచి తువ్వాలుతో, తల మీద సబ్బు నురగతో, చేతిలో పచ్చజెండాతో పరుగెత్తుకొచ్చాడు. బొగ్గు ఇంజను లేదు. ఎనిమిదింటి ప్యాసింజరు వచ్చింది. పద్నాలుగు పెట్టెలు. అన్ని కిటికీల్లోనూ జనం.

ఆ రోజు నుంచి బాబాయి నాతో మాట్లాడడు. బల్ల మీద నా పక్కనే కూర్చుని, ఎదురుగా ఉన్న దీపస్తంభంతో మాట్లాడతాడు. "స్తంభమా, కాస్త జరిగి కూర్చోమని అతనికి చెప్పు" అంటాడు. ఏడాదయింది. స్తంభానికి కూడా విసుగొచ్చింది.

ఈ నెల 24న పాత బొగ్గు ఇంజను ఆఖరిసారి మా స్టేషన్ మీదుగా మ్యూజియానికి వెళుతుంది. బాబాయి ముప్పై ఏళ్లు దానికి జెండా ఊపాడు. ఆ రోజు ఆయన పక్కన నిలబడాలి నేను. మధ్యలో స్తంభం ఉండకూడదు.

మాస్టారు షరతు పెట్టారు. ఇరవై ఒక్క రోజులు కూత బంద్. నోటితో కూసేదీ, నోటికొచ్చినట్టు కూసి ఎదుటివాళ్లను ఏడిపించేదీ. నెగ్గితే రిజిస్టరులో నా పేరు పక్కన ఎప్పుడూ పెట్టే ప్రశ్నార్థకం తీసేస్తారు, బాబాయితో రాజీ చేస్తారు. నా చేత్తోనే కాగితం రాసిచ్చాను. ఇంటావిడ సీసాలో ఇరవై ఒక్క గుండీలు పోసింది. రోజుకొకటి తీయాలి.

సాయంత్రం 6. ఒక్క కూత లేదు. ఇంత తేలికని తెలిస్తే చిన్నప్పుడే మానేసేవాణ్ణి.

జనవరి 6. మూడో రోజు

ఉదయం 10. చలికాలమని స్వెట్టరు వేసుకుంటే ఎండ మాడ్చేస్తోంది. ఆ ఎండలో మంచు తోసే ఇంజను వెళ్లింది, మూతికి పెద్ద పార కట్టుకుని. డ్రైవరు బనీను మీద ఉన్నాడు, టోపీతో విసురుకుంటున్నాడు. పరుగున వెళ్లి చెప్పాను.

"ఈ ఎండలో మంచు తోసే ఇంజనా?" అన్నారు మాస్టారు.

"నిజం మాస్టారూ. డ్రైవరు బనీను మీద ఉన్నాడు."

"డ్రైవరు బట్టల సంగతి నేనడగలేదు."

బాబాయి స్తంభం వైపు తిరిగాడు. "స్తంభమా, మూడో రోజుకే మొదలెట్టాడు చూడు."

రిజిస్టరులో ఇలా పడింది. చూసినవారు: గొడుగులాయన (?).

పర్వాలేదు. నిజం నిలకడ మీద తేలుతుందంటారు. ఇంకా పద్దెనిమిది గుండీలు.

జనవరి 9. ఆరో రోజు

కూయాలనిపించిన సందర్భాలు, ఇవాళ్టివి మాత్రమే:
7.15. మాస్టారు బూటు లేసు కట్టుకోవడానికి వంగినప్పుడు.
9.40. మాస్టారు రెండో బూటుకు వంగినప్పుడు.
12.00. వాన మొదలైంది. జనం పరుగెత్తారు. పరుగెత్తే జనాన్ని చూస్తే కూయకుండా ఎవడుంటాడు?

కూయలేదు. నాలుక కొరుక్కున్నాను. నాలుక వాచింది.

మధ్యాహ్నం 3. భోజనం చేసి ఇంట్లో కునుకు తీశాను. ఇంటావిడ లేపింది.

"మీరు నిద్రలో కూశారు. కెటిల్ అనుకుని స్టవ్ ఆపేశాను. ఇప్పుడు చన్నీళ్ల టీ తాగండి."

నిద్రలో కూసింది లెక్కలోకి రాదు. గుండీ తీశాను. చన్నీళ్ల టీ తాగాను. రెండూ కష్టంగానే ఉన్నాయి.

జనవరి 13. పదో రోజు

ఉదయం 9.20. వాన లేదు, ఎండ లేదు, ఉట్టి గాలి. మందుల షాపు అక్కయ్య నీలం గొడుగుకు కొత్త కమ్మీలు వేసి, సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చూద్దామని బయటికొచ్చి తెరిచాను. భేషుగ్గా తెరుచుకుంది. తెరుచుకుని వెళ్లిపోయింది. మెట్లు దాటింది, కంచె దాటింది, అప్పుడే కదులుతున్న 9.20 ఇంజను దీపానికి తగులుకుంది. ఇంజను గొడుగు వేసుకుని వెళ్లింది. నా కళ్లతో నేను చూశాను.

11.00. అక్కయ్య వచ్చింది. "తమ్ముడూ, గొడుగేదీ?"

"రైలెక్కి వెళ్లిపోయింది అక్కయ్యా."

"టికెట్ తీసుకుందా?"

"నిజం అక్కయ్యా. 9.20కి."

"పది రోజులు ఓపిక పట్టావు, నా గొడుగు దగ్గరే జారాలా నువ్వు?" అని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు వాన మొదలైంది. నావైపు ఎలా చూసిందో రాయడానికి నా దగ్గర అక్షరాలు లేవు.

జనవరి 14. పదకొండో రోజు

ఉదయం 8. ఆలోచించాను. నమ్మని నిజం చెప్పడం కూడా ఎదుటివాళ్లను ఏడిపించడమే కదా. ఏడిపించనని కదా నేను మాటిచ్చింది.

10.00. "అక్కయ్యా, కమ్మీ బిగిస్తుంటే బట్ట చిరిగింది. సిగ్గేసి చెప్పలేదు. వేరే గొడుగు ఇస్తాను" అన్నాను.

వెంటనే నమ్మింది. "ఆ ముక్క నిన్ననే చెబితే పోయేదిగా. నువ్వు నిజంగా మారావు తమ్ముడూ" అని భుజం తట్టింది.

గుండీ తీశాను. కాస్త బరువుగా అనిపించింది. గుండీ కదా, ఎందుకంత బరువో.

జనవరి 16. పదమూడో రోజు

సాయంత్రం 5.40. ప్యాసింజరు వచ్చింది. గార్డు దిగాడు, చేతిలో నీలం గొడుగు. "ఈ ఊరి గొడుగులాయన ఎవరండీ? ఇది మూడు రోజుల కింద ఇంజనుకు వేలాడుతూ మా స్టేషనుకొచ్చింది. పిడి మీద ఈ కొట్టు చీటీ ఉంది."

బల్ల మీద అందరూ ఉన్నారు.

గొడుగు రైలెక్కిందన్నది నిజమని తేలింది. చిరిగిందన్నది అబద్ధమని కూడా అప్పుడే తేలింది. నిజానికి మెప్పు రాలేదు, అబద్ధానికి పంచాయితీ వచ్చింది.

"మాట తప్పావు కదయ్యా" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ. నేను చెప్పింది కోత. మానేస్తానన్నది కూత. కాగితం చూడండి."

మాస్టారు జేబులోంచి కాగితం తీసి కళ్లద్దాలు పెట్టుకున్నారు. నా రాతలో కొమ్ము, ఓత్వం కవల పిల్లల్లా ఉంటాయి. ఇటు తిప్పారు, అటు తిప్పారు, అక్కయ్యకు చూపించారు. అక్కయ్య డాక్టర్ల రాత చదివే మనిషి. చాలాసేపు చూసి, "కూతే" అంది.

"స్తంభమా" అన్నాడు బాబాయి, "వీడికి బడి మాన్పించినవాళ్లు దొరికితే నాకు చెప్పు."

గట్టెక్కాను. అయితే ఒకటి. బాబాయి "అతను" అనడం మాని "వీడు" అన్నాడు. దగ్గరి మాట కదా. ఇంటికెళ్లేదాకా దాన్నే తలుచుకున్నాను.

జనవరి 19. పదహారో రోజు

పొద్దున ఎండ. పదింటికి వడగళ్లు. పదకొండింటికి ఎండలోనే వడగళ్లు. రేడియోలో "పొడి వాతావరణం" అన్నారు. వాళ్లకెవరూ గుండీల సీసా ఇవ్వరు.

బాబాయికి జలుబు, జ్వరం. బయటికి రాకూడదని డాక్టరు చెప్పాడట. 24న కిటికీలోంచే చూస్తాడు, పొగమంచు పడితే కూతైనా వింటాడు. పళ్లు ఇవ్వబోతే తలుపు కొంచెం తెరిచి, "తలుపా, అక్కడ పెట్టమను" అన్నాడు. స్తంభం లేకపోతే తలుపు.

ఇవాళ్టి లెక్క:
కొట్టులో ఒక గొడుగు సగం తెరిచి, దాని లోపలికి తల పెట్టి, చిన్నగా కూశాను. గొడుగు లోపల కూసింది గొడుగుదే. బయటికి రాలేదు.
మళ్లీ కూశాను. మొదటిది సరిగ్గా రాలేదు కాబట్టి మొదటిది లెక్కలో లేదు. రెండోది మొదటిదాని దిద్దుబాటు.
మూడోసారి పెద్ద గొడుగులో.

గుండీని కత్తెరతో రెండు చేసి సగం తీశాను. న్యాయం న్యాయమే.

జనవరి 23. ఇరవయ్యో రోజు

ఉదయం 7.40. పొగమంచు. చెయ్యి చాపితే చెయ్యి లేదు. కొట్టు తాళం తీస్తుంటే వేడి నూనె, బొగ్గు కలిసిన వాసన. పట్టాల దగ్గరికి వెళ్లాను. ఆ మంచులో నల్లగా, గుర్రంలా ఊపిరి వదులుతూ నిలబడి ఉంది. బొగ్గు ఇంజను.

"రేపు కదండీ?" అన్నాను డ్రైవరుతో.

"రేపు మంచు తుపాను అట. అందుకని ఇవాళే తోలేయమన్నారు. సిగ్నల్ ఇస్తే పోతాం."

"వెళ్లేటప్పుడు గట్టిగా కూస్తారుగా?"

"ఎక్కడండీ. చలికి కూత గొట్టం బిగుసుకుపోయింది. రెండు రోజుల నుంచి మూగది."

7.46. మాస్టారి ఇల్లు. నోట్లో బ్రష్షు. "ఇరవయ్యో రోజున ఎందుకయ్యా పాడుచేసుకుంటావు? ఇంటికెళ్లి పడుకో."

7.51. అక్కయ్య ఇల్లు. "ఇది కోతా కూతా తమ్ముడూ?"

7.55. బాబాయి తలుపు. కొట్టాను. "బాబాయ్, ఇంజను వచ్చింది. ఇవాళే వెళ్లిపోతోంది."

లోపల్నుంచి దగ్గు. "తలుపా, ఒకసారి మోసపోయినవాడు రెండోసారి తువ్వాలుతో రాడని చెప్పు."

దూరంగా చక్రాలు కదిలిన చప్పుడు. నిదానంగా వస్తోంది. కిటికీలోంచి చూస్తే తెల్లదనం తప్ప ఏమీ కనబడదు. ముప్పై ఏళ్ల ఇంజను, కిటికీకి పది అడుగుల దూరంలో, చెప్పకుండా వెళ్లిపోతుంది. ఆ మనిషి లోపల గోడ చూస్తూ కూర్చుంటాడు.

దోసిలి పట్టాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. మొత్తం మూడూ కూశాను.

తలుపు తెరుచుకుంది. దుప్పటి కప్పుకుని, చెప్పులు లేకుండా, చేతిలో పచ్చజెండాతో బాబాయి. కంచె దగ్గరికి వచ్చాడు. అప్పుడే మంచు చీల్చుకుని ఇంజను మా ముందుకొచ్చింది. బాబాయి జెండా ఊపాడు. డ్రైవరు టోపీ తీశాడు. మూడు పెట్టెలు. ఆ వెనక మళ్లీ తెలుపు.

చాలాసేపు జెండా ఎత్తే ఉంచాడు. తర్వాత నావైపు తిరిగాడు. అక్కడ స్తంభం లేదు, తలుపు వెనకుంది.

"ఒరేయ్, దానికి గొంతు పోయిందా?"

"అవును బాబాయ్. చలికి."

"అనుకున్నా. నీ ముందు పళ్ల సందులోంచి గాలి పోతుంది. మొదటి ముక్కకే తెలిసింది."

"మరెందుకొచ్చావు?"

"ఏడిపించడానికి కూస్తే నీకు మధ్యలో నవ్వొచ్చి తెగిపోతుంది. పోయినేడూ తెగింది. సబ్బుతో ఉండి పట్టించుకోలేదు నేను. ఇవాళ తెగలేదు." జెండా చుట్టాడు. "ఆఖరి రోజున అది మూగదై పోయిందని రిజిస్టరులో పడకూడదురా. విన్నావా?"

"విన్నాను బాబాయ్."

జనవరి 24. ఇరవై ఒకటో రోజు

మంచు తుపాను రాలేదు. ఎండ. అందరూ స్వెట్టర్లు చేతిలో పట్టుకుని వచ్చారు. జ్వరం తగ్గి బాబాయి కూడా వచ్చాడు. ఇంజను నిన్ననే వెళ్లిందని స్టేషన్‌లో చెప్పారట, మాస్టారు నావైపు చూడలేక రిజిస్టరు వైపు చూస్తున్నారు.

"చూసినవారు?"

"నేను, వీడు" అన్నాడు బాబాయి.

"పెట్టెలు?"

"మూడు."

"కూత?"

"నిండుగా. రెండు పొట్టి, ఒకటి పొడుగు."

మాస్టారు కలం ఎత్తి నన్ను చూశారు. "నువ్వూ విన్నావా?"

మంచు తోసే ఇంజను నిజం. రైలెక్కిన గొడుగు నిజం. నిన్న పొద్దున మూడు తలుపులు కొట్టి చెప్పింది నిజం.

"విన్నాను మాస్టారూ" అన్నాను. "అంత బాగా ఎప్పుడూ కూయలేదది."

మాస్టారు రాశారు. గొడుగులాయన. చుక్క పెట్టారు. ప్రశ్నార్థకం లేదు. అక్కయ్య చప్పట్లు కొట్టింది. బాబాయి బల్ల మీద జరిగి, "కూర్చోరా" అన్నాడు.

సాయంత్రం 6. ఇంటికొచ్చేసరికి సీసాలో ఇరవై ఒక్క గుండీలు. కోసిన గుండీ స్థానంలో కొత్తది.

"ఇదేంటి? నేను నెగ్గాను కదా?"

"నిన్న పొద్దున ఈ వీధి మొత్తం వినబడింది" అంది ఇంటావిడ. "పళ్ల సందుతో సహా."

కాగితం, కలం ముందు పెట్టింది. ఈసారి కూత, కోత రెండూ రాయించింది. కొమ్ము కొమ్ములా, ఓత్వం ఓత్వంలా కనబడేదాకా ఆరుసార్లు.

జనవరి 25. మొదటి రోజు

ఉదయం 7.50. పొగమంచు. లోపల నేను, కొత్త మనిషిని. ఈసారి గట్టిగా ఉంటాను. నిద్రలో కూడా కూయను. గొడుగుల్లో తల పెట్టను.

7.58. స్నానం చేస్తుంటే కిటికీ కింద బొగ్గు ఇంజను కూత. మ్యూజియంలోంచి వెనక్కి పంపించేశారేమో అనుకున్నాను. పరుగెత్తాను.

బయట బాబాయి, దోసిలి ఇంకా మూతి దగ్గరే ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన వెనకాలే ఎనిమిదింటి ప్యాసింజరు. పద్నాలుగు పెట్టెలు.

ఆలోచిస్తే కూత మధ్యలో తెగింది. సబ్బుతో ఉండి పట్టించుకోలేదు.

10.00. గుండీ తీశాను. ఇంకా ఇరవై. రేపు దట్టమైన పొగమంచు అని రేడియోలో చెప్పారు. రేడియోవి కోతలని నాకు తెలుసు. అయినా గోరువెచ్చని నీళ్లతో గొంతు పుక్కిలించాను. గొంతు పుక్కిలించడం కూత కిందికి రాదు.