దొరగారి ఇంటి మాట

కృష్ణానగర్, హైదరాబాద్
12 ఆగస్టు 2025

బాలనర్సయ్యకు,

పట్టాభిరామయ్య నమస్కారాలు. ఎల్లమ్మ చెల్లెమ్మను అడిగానని చెప్పు. ఇక్కడ మా ఆవిడ రాజ్యలక్ష్మి, నేను కులాసా. అరవై ఎనిమిదేళ్లొచ్చినా ఫిల్మ్‌నగర్ వాళ్లు ఇంకా నా గొంతు అడుగుతున్నారంటే, దేవుడికి నా మీద కాస్త పక్షపాతమే.

ఇప్పుడు నేనొక ఇంగ్లీషు దొరని. ఓ విదేశీ సీరియల్‌కి తెలుగు డబ్బింగ్. మూడొందల యాభై ఏళ్ల కిందటి కథ. లండన్ పార్లమెంటులో చక్రం తిప్పిన పెద్దమనిషి ఎన్నికలో ఓడిపోతాడు. రాజుగారు జాలిపడి అమెరికాలో ఓ వలసకు గవర్నరుగా పంపిస్తాడు. అడవి, దోమలు, మాట వినని జనం. చివరికి ఆ జనానికే అలవాటుపడి లండన్ మర్చిపోతాడు. ఏలూరు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన నాకు ఆ ముక్క భలే నచ్చింది.

మొదటి రోజే పరువు పోయింది. నలభై ఏళ్లుగా మన సినిమాల్లో తెల్లదొర గొంతంటే నాదే కదా! అలవాటుకొద్దీ వంకర తెలుగు దంచేశాను. డబ్బింగ్ పనులు చూసుకునే అమ్మాయి శ్రీనిధి నవ్వాపుకుని, సార్, ఆయన ఇంట్లో భార్యతో మాట్లాడుతున్నారండీ, సొంత భాషకి అంత కష్టమెందుకండీ అంది. తల కొట్టేసినట్టయింది.

ఓడిపోయానని భార్యకు చెప్పే ఘట్టమది. గట్టిగా చెబితే ఉపన్యాసంలా ఉంది, ఏడిస్తే నాటకంలా ఉంది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ముప్ఫై ఏళ్ల కిందట ఆ జానపద సీరియల్లో రాజు గొంతు నీకు దక్కని రోజు, జర మంచినీళ్లియ్యి అని ఎల్లమ్మనడిగావు. తాగి, గా రాజు నాకు రాలే, నువ్వు ఫికర్ చెయ్యకు, అన్నం తిందాం పా అన్నావు. నేనూ అంతే మెల్లగా చెప్పాను. శ్రీనిధి కళ్లు తుడుచుకుంటూ, ఈ పద్ధతి ఎవరిది సార్ అంది. నీ పేరు, నీ యాస సంగతి చెప్పాను.

గవర్నరును ఎదిరించే ముసలి రైతుకు నీ గొంతే కావాలట, నీ యాసలోనే. వచ్చే గురువారం, 21న, రా నర్సయ్యా. జూబ్లీ బస్టాండుకు నేనే వస్తాను. ముప్ఫై ఏళ్ల తర్వాత ఇద్దరం ఒకే మైకు ముందు నిలబడదాం. ఇంతకంటే నాకేం కావాలి?

నీ
పట్టాభి

తా.క.: నువ్వు ఎల్లమ్మతో అన్న మాటలు నాకెలా తెలుసునంటావు. ఆ రోజు మీ గుమ్మం బయట నిలబడి విన్నాను. దర్శకుడు నిన్ను కాదనలేదు. రాజుకి ఆ యాస నప్పుతుందా అని ఆయన నన్నడిగితే, నవ్వుతారండీ అన్నది నేనే. ఆ వేషానికి గొంతిచ్చిందీ నేనే. నీతో ఒప్పుకుందామని వచ్చి, తలుపు కొట్టలేక తిరిగిపోయాను. ఫోనులో చెబితే నా గొంతు నటిస్తుందని భయమేసి ఇలా రాస్తున్నాను. గురువారం సిద్దిపేట నుంచి వచ్చే ప్రతి బస్సు దగ్గరా ఉంటాను. నువ్వు దిగకపోతే, ఎందుకు రాలేదో శ్రీనిధికి నేనే చెబుతాను.